మేనల్లుడి బీరువాలో మరి రెండు తుపాకులు

టెక్సాసు రాష్ట్రంలో ఇరవయ్యేళ్ళుగా కాపురముంటున్న మా మేనల్లుడు ఈ మధ్య ఒక పెద్ద ఉత్తరం వ్రాశాడు. "మావయ్యా, నా దగ్గర మూడు రైఫిళ్ళున్నాయి. మరో రెండు చేర్చుదామనుకుంటున్నాను. ఏ కాలిబరువి తీసుకోమంటావు?" అని దాని సారాంశం. తెలుగు పండితుణ్ణి పట్టుకొని ఈ ప్రశ్న అడగడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకొన్నవాడికి తుపాకి గొట్టాల కొలతలతో పనేమి? అయితే చిన్నతనంలో నల్లమల అంచున మా పెద్దమేనమామ వెంట తూటాల సంచి మోసినవాణ్ణి నేను. ఆ తరువాత కార్బెట్టు, ఆండర్సను వ్రాసిన వేట పుస్తకాలు మొదలుకొని తుపాకుల తయారీదారుల పాత జాబితాల దాకా చేతికందినదల్లా చదివినవాణ్ణి. ఆ పిచ్చి వాడికి నా నుంచే అంటుకొంది. కనుక జవాబు చెప్పే బాధ్యతా నాదే. వాడికి వ్రాసినదానిని కొంత పెంచి ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

ఒక మాట ముందే మనవి చేస్తాను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి మన దేశంలో షికారుకు తెరదించడం మంచిపనే అని నా దృఢాభిప్రాయం. ఈ టపా వేటను పొగడడానికి వ్రాస్తున్నది కాదు. వేట చట్టసమ్మతమైన చోట, వేటాడదలచుకొన్నవాడు ఏ తుపాకి ఎన్నుకోవాలన్నది ప్రశ్న. ఆ ఎన్నికలో పొరపాటు పడితే దాని ఫలితం అనుభవించేది తుపాకి పట్టినవాడు కాదు, ఎదుటనున్న మృగం. అందుచేతనే ఇది వట్టి కొనుగోలు విషయం కాదంటున్నాను.

వాడి దగ్గర ఇప్పుడున్నవి .22, .308 వించెస్టరు, 6.5 క్రీడ్‌మూరు. కొనదలచినవాటి పట్టికలో వాడు వ్రాసినవి .270 వించెస్టరు, .30-06, .300 వించెస్టర్ మాగ్నం, .458 వించెస్టర్ మాగ్నం. పట్టిక చూడగానే వాడి మనస్సు నాకర్థమైంది. అంకెల వరుసలో ఎక్కడెక్కడ ఖాళీలున్నవో అక్కడక్కడ ఒకటి పెట్టాలని వాడి తాపత్రయం. .22కూ .308కీ మధ్య ఒకటి, .308కి పైన ఒకటి, అన్నింటి కొసన అందరూ నోరు తెరచి చూసేటంతటి పెద్దది ఇంకొకటి. తపాలా బిళ్ళలు సేకరించే పిల్లవాడి పద్ధతి ఇది. తుపాకులకు ఈ పద్ధతి పనికిరాదు. ఎందుకంటే ఆ అంకెలను నమ్మడానికి వీలులేదు.

కాలిబర్ అన్న మాటకు మూలం అరబ్బీలోని 'కాలిబ్' అనీ, మూస అని దాని అర్థమనీ నిఘంటుకారులంటారు. మూసలో పోసినట్లు కచ్చితంగా ఉండవలసిన ఈ పేర్లు నిజానికి ఎట్లున్నవో చూడండి. మన వ్యాకరణంలో యౌగికమనీ, రూఢమనీ, యోగరూఢమనీ పదాలను విభజిస్తారు గదా. ఈ తుపాకి కొలతలకు ఆ విభాగం అతికినట్లు సరిపోతుంది. 12 బోరు తుపాకి యౌగికం: ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేటంత రంధ్రమని అర్థం. అవయవార్థమే పదార్థం. అందువల్లనే అక్కడ అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 బోరు 12 కంటె చిన్నది. .30-06 యోగరూఢం: మొదటి అంకె గొట్టపు కొలత, రెండవది అమెరికా సైన్యం దానిని స్వీకరించిన 1906వ సంవత్సరపు చివరి రెండంకెలు. చరిత్ర తెలియనివాడికి ఆ రెండవ ముక్క అర్థం కాదు. పోనీ అదే సూత్రాన్ని .30-30కి అన్వయిద్దామంటే కుదరదు. అక్కడ రెండవ 30 తూటాలో పోసే మందు తూకం, గ్రెయినులలో. 6.5 క్రీడ్‌మూరులో క్రీడ్‌మూరు న్యూయార్కు సమీపంలోని ఒక పాత గురి మైదానం పేరు.

ఇక శుద్ధ రూఢాలున్నవి. .270 గుండు అసలు మందం అంగుళంలో .277. మన పోలీసుల చేతుల్లో తరాల తరబడి చూసిన .303లో గుండు .311. వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీవారి .318లో గుండు ఏకంగా .330! కార్బెట్టు వాడిన .275 రిగ్బీ అసలు జర్మనుల 7×57 మౌజరే. ఏడు మిల్లీమీటర్లని చెప్పుకొంటే ఇంగ్లీషు దొరల నోటికి రుచించక అంగుళాల్లోకి మార్చుకొన్నారు, దాని గుండు.284. ఇట్లా కొన్ని పేర్లు గొట్టంలోని మిట్టల మధ్య దూరాన్ని బట్టీ, కొన్ని గుండు మందాన్ని బట్టీ, కొన్ని కేవలం అమ్మేవాడి చెవికింపును బట్టీ వచ్చినవి. వీటిని వరుసగా పేర్చి మధ్య ఖాళీలు లెక్కపెట్టడం, నిఘంటువులో అకారాది క్రమం చూసి కవుల యోగ్యత నిర్ణయించడం వంటిది.

అంకె కంటె తూకం నయం. దానికి మనకొక చక్కని సాధనం ఉన్నది. పాత తులం సరిగ్గా 180 గ్రెయినులు. .308లోనూ, .30-06లోనూ, .300 మాగ్నంలోనూ వాడుకలో ఉన్న పెద్ద గుండు తూకం కూడ అదే, 180 గ్రెయినులు. అంటే కంసాలి త్రాసులో ఒక తులం. మూడింటిలోనూ గుండు మందం కూడ ఒక్కటే, .308 అంగుళం. తేడా దాని వెనుక పట్టే మందులో, అందువల్ల గుండు పోయే వేగంలో. కాబట్టి మా వాడు .308 ఉండగా .30-06 కొంటే వాడి బీరువాలోకి వచ్చేది పేరు మార్చుకొన్న అదే తులం. .300 మాగ్నం అదే తులాన్ని బాగా విసురుగా విసరుతుంది. అంతవరకు దానికొక ప్రయోజనమున్నది. .270లో ప్రసిద్ధికెక్కిన గుండు 130 గ్రెయినులు, 6.5 క్రీడ్‌మూరులో 140 ప్రాంతం. ఆ రెండూ తోడికోడళ్ళు. ఒకటి ఇంట్లో ఉండగా రెండవది వచ్చి కొత్తగా చేసే పని లేదు. 1925 నాటి .270 మంచిదే, దానిని ఆరాధించేవారు అమెరికాలో లక్షలాదిగా ఉన్నారు. కాని 6.5 లేనివాడికి అది మంచిది.

ఈ తూకాల గొడవ నాకెందుకింత పట్టింపో చెప్పాలంటే 1971కి వెళ్ళాలి. మా పెద్దమేనమామకు జోడు గొట్టాల 12 బోరు తుపాకి, ఒక .315, ఒక .318 ఉండేవి. పంటచేలపై పడే అడవిపందుల కోసం ఆయన కాపు వేసేవాడు. ఒక రాత్రి పందికని ఎల్.జి. తూటాలు నింపుకొని కూర్చున్నాడు. అంటే ఒక్కొక్క తూటాలో గుప్పెడు ముతక గుళ్ళు. పందికి బదులు నిండుగా ఎదిగిన కణుజు వచ్చింది. పక్కనున్నవారు తొందరపెట్టారు, ఆయన కాల్చాడు. దగ్గరి దూరమే, గురీ తప్పలేదు. కాని ఆ గుళ్ళు చర్మం దాటి ప్రాణస్థానం దాకా పోలేదు. కణుజు పడలేదు, పరుగెత్తింది. తెల్లవారి నుంచి రెండు రోజులు ఆ నెత్తుటి జాడ వెంట తిరిగాము. ఆకుల మీద ఎండిన చుక్కలు, అది పడుకొని లేచిన చోట నలిగిన బోద. రెండవనాటి సాయంత్రం ఒక వాగు దగ్గర జాడ తెగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నాతో ఒక్క మాట కూడ మాట్లాడలేదు. ఆ తరువాత పంది కంటె పెద్ద మృగం మీద ఆ 12 బోరు ఎక్కుపెట్టగా నేను చూడలేదు. మరుసటి సంవత్సరం చట్టం వచ్చింది, వేటా పోయింది.

కార్బెట్టు 1944లో వెలువడిన తన మొదటి పెద్ద పుస్తకపు ఉపోద్ఘాతంలో ఇదే విషయం ఎత్తుకొన్నాడు. పులి నరమాంసానికి మరగడానికి ఆయన చెప్పిన కారణాలలో ముఖ్యమైనది గాయం. ఆ గాయం ముళ్ళపంది ముల్లు వల్ల కావచ్చు, అజాగ్రత్తగా కాల్చి వదిలేసిన గుండు వల్ల కావచ్చు. ఎవడో తన సరదా కోసం చేసిన పనికి ఎక్కడో ఒక పల్లె మూల్యం చెల్లించేదన్నమాట. టెక్సాసులో పులులు లేవు, నిజమే. గాయపడిన మృగానికి బాధ మాత్రం ఉన్నది.

ఇక టెక్సాసులో వీడు వేటాడేది దేనిని? తెల్లతోక జింక, అడవిపంది. వాటికి ఇంట్లో ఉన్న .308 చాలు, అసలు ఇంకేమీ కొననక్కరలేదు. కాని ఉత్తరం చివర ఒక వాక్యం ఉన్నది, వాడికది చిన్నవిషయంగా తోచినట్లుంది: వచ్చే చలికాలం దక్షిణ టెక్సాసులో మనుబోతు వేటకు స్నేహితులు పిలిచారట. ఔను, మన మనుబోతే! హిందీవారు నీల్‌గాయ్ అంటారు. 1930 ప్రాంతంలో అక్కడి కింగ్ రాంచ్ అనే మహా పశుక్షేత్రంలో విడిచిపెట్టిన కొద్ది జంతువుల సంతతి ఇప్పుడు వేలకు వేలై ఆ కోస్తా మైదానాలన్నీ తిరుగుతున్నది. మన చుక్కల దుప్పి, కృష్ణజింక కూడ 1930లలోనే అక్కడికి చేరినవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను టెక్సాసులో డబ్బు కట్టి వేటాడుకోవచ్చునన్న సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. పంట నష్టం పేరిట కొన్ని రాష్ట్రాలలో ఇచ్చిన మినహాయింపులను వదిలేస్తే మన దేశంలో తాకరాని మనుబోతు అక్కడ పరదేశి మృగం. దానికి వేట ఋతువు, నిషిద్ధ ఋతువు అనే తేడా లేదు.

మనుబోతును పైనుంచి చూసి ఆవుజాతి అనుకొని తేలికగా తీసుకోరాదు. ఎదిగిన పోతు 200 కిలోలు సులభంగా దాటుతుంది. మెడ మీద, భుజాల మీద దళసరి చర్మం. గాయం పట్టుకొని చాలా దూరం పోగల మొండి ప్రాణి అని అక్కడి వేటగాళ్ళందరూ ఒప్పుకొంటారు. కణుజుకు అక్క వంటిది. కనుక వాడు కొనవలసిన రెండింటిలో మొదటిది ఈ మృగాన్ని దృష్టిలో పెట్టుకొని కొనాలి. నా ఎన్నిక, వాడి పట్టికలో లేని .375 హాలండ్ అండ్ హాలండ్. 1912 నాటిది. గుండు 300 గ్రెయినులు, అంటే ఒక తులం మీద మరి మూడింట రెండు వంతులు. ఆఫ్రికాలో పలుదేశాలు ప్రమాదకర మృగాలకు దీనికి తక్కువైనది కూడదని నియమం పెట్టుకొన్నవి. అక్కడివారిలో చాలామంది .300 మాగ్నం చాలునంటారు. చాలవచ్చు. అయినను ఆ ఒక్క తులం వాడింట్లో ఇదివరకే ఉన్నది; వేగం హెచ్చినంతమాత్రాన తూకం హెచ్చదు. బీరువాలో లేని గుణం తెచ్చిపెట్టేది .375.

.458 సంగతి ఒక్క ముక్కలో తేలుస్తాను. 1956లో ఏనుగుల కోసం, ఆఫ్రికా దున్నల కోసం పుట్టిన తూటా అది. గుండు 500 గ్రెయినులు. దానికి తగిన మృగం టెక్సాసు అడవుల్లో లేదు. రోజుకు పది గంటలు కంప్యూటరు ముందు కూర్చునే భుజం దాని తాపు భరించనూ లేదు. తాపుకు జడిసి కళ్ళు మూసుకొని మీట నొక్కేవాడి చేతిలో పెద్ద తుపాకి చిన్నదాని కంటె హీనం.

దీనికి వాడొక ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంచుకొన్నాడు: "మరి బెల్ దొర 7×57తో వందల ఏనుగులను కొట్టలేదా?" కొట్టాడు. కరమోజో బెల్ అని పేరుపడ్డ ఆ స్కాట్లండువాడు వేయికి పైగా ఏనుగులను చంపాడు, అందులో చాలా భాగం ఆ చిన్న రైఫిలుతోనే. కాని ఆయన ఏనుగు పుర్రెను రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో, ఏ కోణం నుంచి గుండు ఎక్కడికి చేరుతుందో పరిశీలించిన మనిషి. వృత్తి అది, ఏళ్ళ తరబడి రోజూ అదే పని. సంవత్సరానికి రెండు వారాంతాలు వేటకు పోయేవాడు బెల్ పేరు చెప్పి చిన్న తుపాకి పట్టుకుపోవడం, నన్నయ తెనిగించాడు గదా అని నేనూ భారతానికి కూర్చున్నట్లుంటుంది.

రెండవ తుపాకి విషయానికి వచ్చేముందు తూటా లభ్యత గురించి చెప్పాలి. సేకరణ చేసేవారు తరచు మరచేది ఇదే. బ్రిటిషు హయాంలో మన దేశపు తుపాకుల కొలతలను నిర్ణయించింది మృగాలు కావు, సర్కారు భయాలు. సైన్యం పాత మార్టినీ-హెన్రీ తుపాకులలోకి పనికివస్తాయేమో, తిరుగుబాటుదారుల చేతిలో పడతాయేమోనని 1907 ప్రాంతంలో .450 కొలతను ఇండియాలో నిషేధించారు. వెంటనే లండను తుపాకి దుకాణాలవారు .465 అనీ .470 అనీ కొత్త కొలతలు సృష్టించి అమ్ముకొన్నారు. .303 సైన్యానిది గనుక పౌరులకు కూడదు. అందుచేత ఆస్ట్రియా సైన్యపు పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిఖర్ తూటా.315 అనే పేరుతో మన దేశపు పౌరుల తుపాకి అయి కూర్చుంది. స్వాతంత్ర్యం తరువాత మన ఆయుధ కర్మాగారాలూ దానిని చేస్తూనే వచ్చినవి.

మా మేనమామ .318కి ఆ అదృష్టం పట్టలేదు. మూడింటిలోనూ అందమైనది, చేతికి తేలిక, గురికి నిక్కచ్చి. 1970 ప్రాంతానికి ఇంగ్లండులో కైనాక్ కంపెనీ ఆ జాతి తూటాలు చేయడం మానుకొంది. ఆయన దగ్గర మిగిలినవి పదకొండు. వాటిని ఆయన కాల్చనూ లేదు, పారవేయనూ లేదు. అట్లాగే ఇత్తడి నల్లబడింది. 2019 చివర ఆయుధ చట్టాన్ని సవరించి ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించారు. మొదట ఒక్కటే అన్నారు, చివరకు రెండు దగ్గర ఆగారు. అదనపుది ఏడాదిలోగా అప్పగించాలి. మా మేనమామ పోయాక లైసెన్సు పెద్దకొడుకు పేర వచ్చింది. మూడింటిలో ఏది వదులుకోవాలన్న ప్రశ్న 2020లో మా బావకు ఎదురైంది. నన్నడిగాడు. .318 ఇచ్చివేయమన్నాను. తూటా లేని తుపాకి గూట్లో ఉన్నా అది తుపాకి కాదు. చేనికి కావలి కాసేది 12 బోరు, తూటా దొరికేది.315. ఆ రైఫిలు పోతుంటే మా బావ ముఖం చూడలేకపోయాననడం నిజమే. అయినా ఈనాడు అడిగినా అదే చెబుతాను.

చదవనివాడింట్లో తాళపత్రాలున్నా భద్రపరచమంటాము గదా, తుపాకికి మాత్రం ఈ న్యాయమెందుకు వర్తించదని మీరడగవచ్చు. వర్తిస్తుంది, తూటా చేసుకొనే దారి ఉన్నచోట. అమెరికాలో వాడిన ఇత్తడి గొట్టాలను దాచి, మందు, గుండు విడివిడిగా కొని, ఇంట్లో బల్ల మీదనే తిరిగి తూటాలు నింపుకొనే అలవాటు సామాన్యం. చచ్చిన కొలతలు అక్కడ కొన ఊపిరితో బ్రతుకుతున్నవి. మన ఊళ్ళో సామాన్య లైసెన్సుదారుకు అది అందని మాట. అందుకే మా వాడికి ఒక తుపాకి కేవలం ప్రేమ కోసం కొనుక్కొనే స్వేచ్ఛ ఇస్తున్నాను. ఒక్కటే. దాని మీద ఉపయోగం పేరిట అబద్ధపు కారణాలు అతికించవద్దన్నాను. ఒకటి పనికి, ఒకటి ఇష్టానికి. ఖాళీ పూరించడానికి మాత్రం ఏదీ వద్దు.

ఆ ఇష్టపు తుపాకిగా నేను సూచించినది 7×57, అంటే .275 రిగ్బీ. 6.5 ఉండగా ఉపయోగం దృష్ట్యా దాని అవసరం లేదు, దాచకుండా చెబుతున్నాను. కాని 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు కార్బెట్టుకు బహూకరించినది ఈ కొలత రైఫిలే. 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్కకెక్కిన పులి అది. 1926లో రుద్రప్రయాగ చిరుతను పడగొట్టినదీ ఆ రైఫిలుతోనే. ఆ అసలు రైఫిలును ఈ మధ్య రిగ్బీ కంపెనీవారే తిరిగి సంపాదించుకొన్నారు. చంపావత్ వేటనాడు ఆయన వెంట ఉన్నది వేరొక తుపాకి, .500 కొలతది, తెచ్చుకొన్న తూటాలు మూడే మూడు. మూడూ అయిపోయి, చివరకు తహశీలుదారు చేతిలోని పాత తుపాకి లాక్కొని పని ముగించవలసి వచ్చింది. తూటాల సంగతి నేనింతగా నొక్కిచెప్పడంలో ఆశ్చర్యం లేదనుకొంటాను. 7×57 నూట ముప్పయ్యేళ్ళు దాటినా తూటాలు చేసేవారు నేటికీ పలువురున్నారు. తాపు మెత్తన. వాడి కూతురు పెద్దదై గురి నేర్చుకొన్నా భుజం నొవ్వదు.

దీనికి పోటీగా నా మనస్సు ఇంకొకదాని వైపు లాగుతున్న మాట వాస్తవం. కెన్నెత్ ఆండర్సను జీవితమంతా వాడిన .405 వించెస్టరు. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథ వ్రాసినవాడు ఆయన. మన నేల మీద, మన పల్లెల పేర్లతో మోగిన తుపాకి అది. 1904 నాటి ఆ తూటా కొంతకాలం మూలబడి, ఈ శతాబ్ది మొదట్లో మళ్ళీ తయారీకి వచ్చింది. 1895 నమూనా రైఫిలునూ తిరిగి చేశారు. తెలుగువాడి సేకరణలో కార్బెట్టు కంటె ఆండర్సనుకే హక్కెక్కువ అనవచ్చు. కాని తాపు గట్టిది, పాత పద్ధతి చెక్క మడమ భుజంలో దిగుతుంది, తూటాలు చేసేవారూ తక్కువ. ఒకసారి ఆగిన తూటా మరొకసారి ఆగదన్న భరోసా లేదు. .318ని సాగనంపిన చేతితో .405 కొనమని వ్రాయలేకపోయాను.

మనుబోతు వేటకు ముందు .375తో కనీసం అరవై తూటాలు గురి మైదానంలో కాల్చమనీ, ఆ ఖర్చు ఇప్పుడే తీసి పక్కన పెట్టమనీ, .275ని ఆ వేటకు తీసుకుపోనే కూడదనీ వ్రాశాను. జవాబు వచ్చింది. .375కు ఒప్పుకొన్నాడు, .458 ఆశ వదిలాడు. రెండవదాని గురించి మాత్రం "ఆండర్సనుదే తీసుకొంటే ఏమంటావు మావయ్యా?" అని అడుగుతున్నాడు. ఇంకా బదులు వ్రాయలేదు. మీలో ఎవరి పెద్దల ఇళ్ళలోనైనా .405 గాని, .318 గాని ఉండి ఉంటే, దానికి తూటాలు చివరిసారి ఎప్పుడు, ఎక్కడ దొరికినవో తెలియజేయగలరు.